క్యాంటర్‌లో జీను మీద ఎగిరెగిరి పడుతున్నాను, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఎనిమిది నెలలుగా వారానికి రెండు గుర్రపు స్వారీ క్లాసులకి వెళ్తున్నారు. వాక్ (గుర్రం నడక), ట్రాట్ (చిన్న పరుగు) బాగానే వచ్చాయి. క్యాంటర్ (అంతకంటే వేగమైన పరుగు) మొదలవగానే మాత్రం జీను మీద ఎగిరెగిరి పడుతున్నారు, భుజాలు ముందుకు వంగిపోతున్నాయి, ఎడమ వైపు తిరిగేటప్పుడు రెండో చుట్టులోనే కుడికాలి రికాబు (పాదం పెట్టే ఇనుప కడియం) జారిపోతోంది. కోచ్ "కూర్చో, కూర్చో, ఏడీ నీచే (మడమ కిందికి)" అని అరుస్తున్నారు, మీరు ఎంత గట్టిగా కూర్చోవాలని చూస్తే అంత పైకి లేస్తున్నారు. వయసు 36, రోజంతా ఆఫీసు కుర్చీ. సిలికాన్ గ్రిప్ ఉన్న బ్రీచెస్ (స్వారీ ప్యాంటు) కొంటే ఏమైనా తేడా ఉంటుందా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. మీ సమస్య నడుములో లేదు, మోకాళ్లలో ఉంది. పడిపోతామన్న భయంతో తొడలు, మోకాళ్లు బిగిస్తున్నారు, ఊపిరి కూడా బిగబడుతున్నారు. బిగించిన మోకాలే మిమ్మల్ని జీను మీద నుంచి పైకి నెడుతోంది. కూర్చోవడానికి ప్రయత్నించడం ఆపి, ముందు పట్టు వదలడం నేర్చుకోండి. దానికి మంచి దారి: పొడవాటి తాడు మీద ఇంకొకరు గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే, పగ్గాల సంగతి మర్చిపోయి, ఒక్కోసారి ఆరేడు అంగల క్యాంటర్ మాత్రమే చేయడం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తేడా మీకే తెలుస్తుంది. ఈ పని చేయకుండా ఇంకో ఏడాది చుట్లు తిరిగితే, ఎగిరిపడటంలో ఆరితేరతారు, అంతే.

నేను కాలేజీలో ఎన్‌సీసీ గుర్రాల మీద మొదలుపెట్టాను. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఎక్కువగా మీలాంటి పెద్దవాళ్లకే నేర్పుతాను. ముప్పై దాటాక మొదలుపెట్టినవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది ఇదే గోడకి తల కొట్టుకుంటారు. కాబట్టి మీకేదో ప్రత్యేకమైన లోపం ఉందని అనుకోకండి.

ఇక కారణాలు. కొంచెం పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే గుర్రం కింద ఏం చేస్తోందో తెలియకపోతే పైన మనం ఏం చేయాలో ఎవరు అరిచి చెప్పినా ఎక్కదు.

మీకు కాస్తయినా తాళజ్ఞానం ఉంటే ఇది తేలిక. వాక్ నాలుగు దెబ్బలు: త-క-ధి-మి. ట్రాట్ రెండు: త-క, త-క. క్యాంటర్ మూడు: త-కి-ట, ఆ తర్వాత ఒక చిన్న ఖాళీ. ఎడమ వైపు తిరుగుతున్నప్పుడు మొదటి దెబ్బ కుడి వెనక కాలిది. రెండోది ఎడమ వెనక కాలు, కుడి ముందు కాలు కలిసి ఒకేసారి. మూడోది ఎడమ ముందు కాలు. తర్వాత వచ్చే ఖాళీలో నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయి. మళ్లీ కుడి వెనక కాలు. నా క్లాసుల్లో మొదటి రోజు అరీనా బయట కుర్చీలో కూర్చోబెట్టి, వేరేవాళ్లు క్యాంటర్ చేస్తుంటే చప్పట్లతో తకిట వేయిస్తాను. నవ్వుతారు. కానీ ఆ ఖాళీ చెవికి దొరికాక ఒంటికి దొరకడం సులువవుతుంది.

ఈ మూడు దెబ్బల్లో గుర్రం వీపు సమంగా ఉండదు. మొదటి దెబ్బకి వెనక భాగం కిందికి దిగి, ముందు భాగం పైకి లేస్తుంది. మూడో దెబ్బకి అది తిరగబడుతుంది: ముందు కిందికి, వెనక పైకి. పిల్లల పార్కులో తూగుడు బల్ల లాగా. మీ భుజాలు ముందుకు పడేది ఆ మూడో దెబ్బ దగ్గరే. గుర్రం ముందు భాగం దిగుతోంది, మీ తుంటి బిగుసుకుని ఉంది, దాంతో ఒంట్లో వంగడానికి మిగిలిన చోటు భుజాలే. ఆ వెంటనే వచ్చే ఖాళీలో మీరు గాల్లోకి లేస్తారు, మీరు కిందికి దిగే సమయానికి జీను మళ్లీ పైకి వస్తూ ఉంటుంది. అదే ఆ "ధబ్" అనే చప్పుడు. అది మీకు ఎంత నొప్పో గుర్రానికి అంతకంటే ఎక్కువ.

ఆర్టీసీ బస్సులో కండక్టర్‌ని గమనించారా? గుంతల రోడ్డు మీద, రెండు చేతులూ టికెట్ మిషన్ మీద పెట్టి, ఎక్కడా పట్టుకోకుండా నిలబడతాడు. మనం పైన రాడ్ పట్టుకుని కూడా తూలిపోతాం. ఆయన కాళ్లు గట్టివి కావడం వల్ల కాదు అది, మోకాళ్లు, తుంటి, చీలమండలు వదులుగా ఉండటం వల్ల. బస్సు కదలికంతా కింద కీళ్లలో ఖర్చైపోతుంది, తల దాకా రాదు. గుర్రం మీద కదలకుండా కూర్చున్నట్టు కనిపించేవాళ్లందరూ చేసే పని కూడా ఇదే. 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ (గుర్రాన్ని సూచనలతో లయగా నడిపించే పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది, గుర్రపు స్వారీలో 41 ఏళ్ల తర్వాత మనకి వచ్చిన స్వర్ణం అది. అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా. ఆ వీడియోలు దొరికితే వేగం తగ్గించి, క్యాంటర్ ఉన్న చోట చూడండి. గుర్రాన్ని చూడకండి, వాళ్ల బెల్టు దగ్గర చూడండి. పైన కోటు నిశ్చలంగా ఉంటుంది, బెల్టు కింద మాత్రం ప్రతి అంగకీ తుంటి ముందుకీ వెనక్కీ వెళ్లొస్తూనే ఉంటుంది. మామూలు వేగంలో అది కంటికి కనిపించదు, అందుకే "కదలకుండా కూర్చో" అన్న తప్పుడు పాఠం పుట్టుకొస్తుంది.

మోకాళ్ల సంగతి. తడి సబ్బుని పిడికిట్లో గట్టిగా బిగిస్తే ఏమవుతుంది? పైకి జారుతుంది. గుర్రం ఒళ్లు గుండ్రటి పీపా. దాని పైభాగాన్ని మోకాళ్లతో నొక్కితే మీ శరీరానికి వెళ్లడానికి ఉన్న దారి పైకే. ఇంకో నష్టం కూడా ఉంది. మోకాలు ఇరుసులా మారిపోతుంది, దాని కింద పిక్క వెనక్కి ఊగుతుంది, మడమ పైకి లేస్తుంది, రికాబు ఖాళీ అవుతుంది. మీ కుడి రికాబు జారిపోవడానికి ఇదే కారణమని దాదాపు ఖాయంగా చెప్పగలను. ఎడమ వైపు తిరిగేటప్పుడే ఎందుకంటే, అప్పుడు కుడికాలు బయటి కాలు. క్యాంటర్ అడగడానికి దాన్ని వెనక్కి జరుపుతారు కదా, అక్కడే పైకి ముడుచుకుపోయి ఉండిపోతోంది.

నాకు ఈ జబ్బు ఎక్కించింది మా గురువే అని చెప్పాలి. పాత కాలపు దఫేదార్ (అశ్వికదళంలో హవల్దార్ హోదా) ఆయన. మోకాలికీ జీనుకీ మధ్య రూపాయి బిళ్ల పెట్టించేవారు. బిళ్ల కింద పడితే మైదానం చుట్టూ పరుగు. పందొమ్మిదేళ్ల వయసులో నేను ఆ బిళ్ల పడకుండా ట్రాట్ చేయగలిగినందుకు గర్వపడ్డాను. ఆ పట్టు వదిలించుకోవడానికి తర్వాత నాకు నాలుగేళ్లు పట్టింది. తమాషా ఏమిటంటే ఆయన స్వయంగా గుర్రం మీద కూర్చుంటే కాళ్లు తడిబట్టలా వేలాడేవి. ఆయన ఒంటికి తెలిసింది ఒకటి, నోటితో నేర్పింది ఇంకొకటి. మీ కోచ్ అరిచే "ఏడీ నీచే" కూడా కొంచెం అలాంటిదే. మాట తప్పు కాదు, మడమ కిందికే ఉండాలి. కానీ దాన్ని బలవంతంగా కిందికి తొక్కితే చీలమండ తాళం వేసినట్టు బిగుసుకుంటుంది, పాదం ముందుకు తోసుకుపోతుంది, మీరు కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి పడతారు. బరువు తనంతట తాను కాలి గుండా కిందికి జారితే మడమ దిగుతుంది. తొడ వదిలితేనే ఆ బరువు జారుతుంది. కాబట్టి మళ్లీ మొదటికే వచ్చాం.

పక్క నుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలన్నది మీరు వినే ఉంటారు. రెండువేల మూడొందల ఏళ్ల కిందట గ్రీకు సేనాని జెనోఫోన్ కూడా ఇదే చెప్పాడు: కుర్చీలో కూర్చున్నట్టు కాకుండా, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉండాలని. ఆయన కాలంలో రికాబులు కూడా లేవు. నేను క్లాసులో వాడే పరీక్ష ఒకటుంది: మీ కింద నుంచి గుర్రం ఉన్నట్టుండి మాయమైతే, మీరు పాదాల మీద నిలబడతారా, వెనక్కి కూలబడతారా, ముక్కు మీద పడతారా? వీడియో ఆపి చూసుకోండి. నిజం చెప్పాలంటే ఈ గీత ఒక ఫలితం మాత్రమే. గీత కోసం ఒంటిని సర్దుకుంటే బిగుసుకుపోతారు.

సరే, ఏం చేయాలి?

మొదట రికాబు పొడవు. జీను మీద కాళ్లు వదిలేసి వేలాడదీస్తే రికాబు అడుగు మీ చీలమండ ఎముక దగ్గరకి రావాలి. క్యాంటర్‌లో రికాబు పోతోందని చాలామంది ఇంకా పొడుగు చేస్తారు, కాలు అందితే బాగుంటుందనుకుని. ఫలితం తిరగబడుతుంది: కాలివేళ్లతో రికాబుని వెతుక్కుంటూ ముందుకు వంగుతారు. మీ విషయంలో ఒక రంధ్రం కురచ చేసి చూడమంటాను. మరీ కురచైతే మళ్లీ కుర్చీ భంగిమ వస్తుంది, అది గుర్తుంచుకోండి.

తర్వాత, రెండు మూడు క్లాసులు క్యాంటర్‌లో అసలు కూర్చోవద్దు. వినడానికి వింతగా ఉంటుంది. రికాబులు ఇంకో రెండు రంధ్రాలు కురచ చేసుకుని, పిరుదులు జీను నుంచి నాలుగు వేళ్లు పైకి లేపి, తుంటి దగ్గర కొద్దిగా మడిచి, బరువంతా చీలమండల్లోకి వదిలి క్యాంటర్ చేయండి. హాఫ్ సీట్ అంటారు. ఇటలీ అశ్వికదళ అధికారి ఫెదెరికో కాప్రిల్లి సుమారు 1900 ప్రాంతంలో ఈ ముందుకు వంగిన పద్ధతిని అడ్డంకుల మీదుగా దూకడం కోసం తయారుచేశాడు, గుర్రం వీపు మీద భారం తగ్గించడానికి. మనకి ఇక్కడ దాని ఉపయోగం వేరు. వీపు మీద పడే బాధ లేదు కాబట్టి గుర్రం నెమ్మదిస్తుంది, పడతానన్న బాధ లేదు కాబట్టి మీ చీలమండలు, మోకాళ్లు స్ప్రింగుల్లా పనిచేయడం నేర్చుకుంటాయి. గుర్రం మెడ చుట్టూ పాత రికాబు పట్టీ ఒకటి కట్టించి, రెండు వేళ్లు దానికి తగిలించండి. పగ్గాలు పట్టుకుని ఆసరా తీసుకోవడం మాత్రం వద్దు, అది గుర్రం నోరు.

ఇప్పుడు తాడు మీద పని. దీని ఇంగ్లిష్ పేరు తెలుగు చెవికి మహా ఇబ్బందిగా వినిపిస్తుంది కాబట్టి మా దగ్గర అందరం "సర్కిల్ తాడు" అనే అంటాం, మీరు కోచ్‌ని ఏ పేరుతో అడిగినా ఆయనకి అర్థమవుతుంది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో చేరిన కుర్రాళ్లని ఇప్పటికీ నెలల తరబడి ఇలాగే, పగ్గాలు, రికాబులు లేకుండా తాడు మీద తిప్పుతారు. మనకి నెలలు అక్కర్లేదు. క్లాసులో పదిహేను నిమిషాలు చాలు. వృత్తం పెద్దదిగా ఉండాలి, 18-20 మీటర్ల వ్యాసం. చిన్న వృత్తంలో క్యాంటర్ గుర్రం కీళ్లకి మంచిది కాదు, మీకూ బయటికి విసిరేసినట్టు ఉంటుంది. గుర్రం నమ్మదగినదై ఉండాలి. తాడు పట్టుకున్న మనిషి అనుభవం ఉన్నవాడై ఉండాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఈ అభ్యాసం చేయకండి.

ముందు రికాబులతోనే. లోపలి చేత్తో జీను ముందు అంచు పట్టుకోండి, బయటి చేయి తొడ మీద. పట్టుకున్న చేత్తో మిమ్మల్ని మీరు జీనులోకి మెల్లగా లాక్కోండి. క్యాంటర్ ఆరు అంగలు. ట్రాట్. వాక్. ఊపిరి. మళ్లీ ఆరు. ఏడో అంగకి బిగుసుకోవడం మొదలవుతుందనుకుంటే ఆరో అంగకే ఆపేయాలి. ఇదే అసలు కిటుకు. నాలుగు చుట్లు ఎగిరిపడుతూ తిరిగితే శరీరం ఎగిరిపడటాన్నే గుర్తుపెట్టుకుంటుంది. ఆరు మంచి అంగలు ఇరవైసార్లు చేస్తే 120 మంచి అంగలు. రెండో వారం ఎనిమిది, తర్వాత పన్నెండు, ఇలా పెంచండి. చేతిని వదలడం మూడో వారం నుంచి. రికాబులు వదలడం చివర్లో, అదీ మీ కోచ్ చూసి సరేనంటేనే. రికాబుల్లేకుండా చేస్తే సీటు వస్తుందని గుడ్డిగా చేయించేవాళ్లున్నారు. బిగుసుకుపోయే మనిషి రికాబులు తీసేస్తే ఇంకా బిగుస్తాడు తప్ప వదులవడు.

తుంటి ఎలా కదలాలన్నది రాసి చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. ఇప్పుడు మీరు కూర్చున్న గట్టి కుర్చీ మీదే, అరచేతులు పిరుదుల కింద పెట్టుకోండి. రెండు ఎముకలు చేతికి గుచ్చుకుంటాయి. నడుము కొద్దిగా వెనక్కి గుండ్రం చేస్తే అవి ముందుకు దొర్లుతాయి, నడుము లోపలికి వంచితే వెనక్కి. ఈ దొర్లడమే క్యాంటర్. మొదటి దెబ్బకి, గుర్రం ముందు భాగం లేస్తున్నప్పుడు, ఆ ఎముకలు జీను ముందు భాగం వైపు దొర్లాలి, బొడ్డు గుర్రం చెవుల మధ్యకి వెళ్తున్నట్టు. మూడో దెబ్బకి వెనక్కి వచ్చేస్తాయి. మీరు చేయాల్సిన పని దాన్ని ఆపకుండా ఉండటమే. కొందరు ఇది విన్నాక జీనుని చీపురుతో ఊడ్చినట్టు తుంటితో తోస్తారు. అది ఇంకో తప్పు. గుర్రం ఎంత కదిలిస్తే అంతే కదలండి.

ఇంకో చిన్న సంగతి. ఎడమ వైపు క్యాంటర్‌లో గుర్రం ఎడమ భాగం కాస్త ముందుంటుంది. కాబట్టి మీ ఎడమ తుంటి కూడా వెంట్రుకవాసి ముందుండాలి. చాలామంది లోపలికి, కింద నేలని చూస్తూ ఎడమ నడుము కుదించేస్తారు, బరువు కుడివైపుకి జారిపోతుంది. తల బరువు సుమారు నాలుగున్నర, ఐదు కిలోలు. అంత బరువు ఒక పక్కకి వేలాడేస్తే కింద ఎంత సర్దుకున్నా ప్రయోజనం ఉండదు. గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకు చూడండి.

ఊపిరి గురించి ఒక సంఘటన. నా దగ్గరకి ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చేవారు, నలభై రెండేళ్లు. ట్రాట్ చూడముచ్చటగా ఉండేది. క్యాంటర్ అనగానే ముఖం ఎర్రబడేది. ఒకరోజు ఆమెని వీడియో తీసి చూస్తే, అరీనా చుట్టూ పూర్తి చుట్టు ఊపిరి తీసుకోవడమే లేదు. నాకు తెలిసిన సాంకేతిక సూచనలన్నీ పక్కన పెట్టి, మీకు బాగా వచ్చిన కీర్తన ఏదైనా గట్టిగా పాడండి అన్నాను. సైసులు (గుర్రాల్ని చూసుకునేవాళ్లు) నవ్వుకున్నారు. గొంతు వణుకుతూనే పల్లవి రెండుసార్లు పాడారు. రెండోసారికి భుజాలు దిగాయి, మోకాలు తెరుచుకుంది, ధబ్ చప్పుడు ఆగిపోయింది. పాట పాడాలంటే ఊపిరి వదలక తప్పదు కదా. పొట్ట వదులైతే తుంటి వదులవుతుంది. అప్పటి నుంచి మా అరీనాలో పాటలు మామూలైపోయాయి. పాడటానికి సిగ్గైతే అంకెలు గట్టిగా లెక్కపెట్టండి.

క్యాంటర్‌లో కనిపించే తప్పుల్లో సగం క్యాంటర్ మొదలవక ముందే జరుగుతాయి. మీరు ట్రాట్‌లో లేచి కూర్చుంటూ ఉండి, ఒక్కసారిగా ముందుకు వంగి, కాలితో తన్ని, గుర్రం ట్రాట్‌లోనే పరుగెత్తి పరుగెత్తి చివరికి క్యాంటర్‌లో పడుతోందా? అయితే మొదటి అంగకే మీరు ముందుకు తూలి ఉంటారు, ఆ తర్వాతి చుట్టంతా దాన్ని సర్దుకోవడానికే సరిపోతుంది. ఇలా చేయండి: మూలకి వచ్చే ముందు మూడు నాలుగు అంగలు కూర్చునే ట్రాట్. ఊపిరి వదలండి. బయటి కాలు తుంటి నుంచి వెనక్కి, మోకాలు ముడవకుండా. లోపలి కాలితో చిన్న నొక్కు. భుజాలు ఉన్నచోటే. గుర్రం వినకుండా ట్రాట్‌లో పరుగు తీస్తే తరమకండి, వెనక్కి తెచ్చి, నెమ్మదించి, మళ్లీ అడగండి. పదిసార్లు అడిగి రెండు మంచి మొదలు దొరికినా ఆ రోజు క్లాసు దక్కినట్టే.

చేతుల గురించి కూడా చెప్పాలి. ట్రాట్‌లో గుర్రం తల దాదాపు కదలదు, క్యాంటర్‌లో ప్రతి అంగకీ ముందుకు వెళ్లొస్తుంది. ట్రాట్‌లో అలవాటైన కదలని చేతులే క్యాంటర్‌లోనూ పెడితే, గుర్రం తల మిమ్మల్ని ముందుకి లాగుతుంది, లేదా మీరు దాని నోటి మీద వేలాడతారు. మోచేయి తలుపు కీలులా తెరుచుకుని మూసుకోవాలి.

ఇక్కడ గుర్రం పాత్ర కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. మన హైదరాబాద్ చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్లలో చాలా గుర్రాలు రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లు. రేసు గుర్రం కళ్లెం మీద బరువు వేసి పరుగెత్తడం నేర్చుకుని వస్తుంది. మీరు భయంతో పగ్గాలు బిగించి ముందుకు వంగారనుకోండి, దాని పాత పాఠం ప్రకారం "ఇంకా వేగంగా" అని అర్థం. వేగం పెరిగితే మీరు ఇంకా బిగుస్తారు. అలాంటి గుర్రం మీద పగ్గాలు లాగి పట్టుకోకుండా, పట్టి వదలడం, పెద్ద వృత్తంలోకి తిప్పడం పనిచేస్తాయి. మార్వాడీ గుర్రాలు కొన్నిటికి రేవాల్ అనే ప్రత్యేకమైన సాఫీ నడక ఉంటుంది, ఎక్కిన మనిషికి ఒంట్లో నీళ్లు కదలవు. అవి చాలా హాయి, కానీ ఆ నడక మీద ఎన్ని గంటలు తిరిగినా క్యాంటర్ సీటు రాదు. వీలైతే నెలలో ఒకటి రెండుసార్లు గుర్రాన్ని మార్చమని అడగండి. ఒకే గుర్రం మీద ఎగిరిపడి, మిగతావాటి మీద బాగుంటే సమస్య మీది కాకపోవచ్చు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. పద్నాలుగేళ్ల కుర్రాడు, ఎప్పుడూ కుడివైపుకే జారిపోయేవాడు. రెండు నెలలు వాడిని "నిటారుగా కూర్చో" అని సతాయించాను. ఒకరోజు వాడు రాలేదు, ఆ గుర్రం మీద నేనెక్కాను. రెండో చుట్టుకి నేనూ కుడివైపుకి జారుతున్నాను. జీను విప్పి తిరగేసి చూస్తే ఒక పక్క లోపలి దూది అణిగిపోయి పలచబడింది. గుర్రం వెన్నెముక పక్కన కండరాన్ని బొటనవేలితో నొక్కితే ఒకవైపు వీపు ముడుచుకుంది. నొప్పితో ఉన్న వీపు గుంట పడుతుంది, తల పైకెత్తుతుంది, క్యాంటర్ చెక్కలా గట్టిబడుతుంది. అలాంటి వీపు మీద ఎవరూ కూర్చోలేరు. ఆ కుర్రాడికి సారీ చెప్పాను. మీరు కూడా ఓసారి కోచ్‌తో కలిసి మీ జీనుని వెనక నుంచి చూడండి, రెండు వైపులా సమంగా ఉందో లేదో.

నేల మీద పని: రోజంతా కుర్చీలో ఉండేవాళ్లకి తుంటి ముందు కండరాలు కురచైపోతాయి. కాలు కిందికి పొడుగ్గా వేలాడదు, ముడుచుకునే ఉంటుంది. ఒక మోకాలు నేల మీద ఆనించి, ఇంకో పాదం ముందు పెట్టి, తుంటిని మెల్లగా ముందుకు జరిపి ముప్పై సెకన్లు ఉండండి. ఒక్కో వైపు మూడుసార్లు, రోజూ. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని నేల మీద భోంచేయడం మళ్లీ మొదలుపెట్టండి, తుంటి కీలుకి అంతకంటే చవకైన వ్యాయామం లేదు. నడుము డిస్క్ సమస్య గానీ, కాల్లోకి పాకే నొప్పి గానీ ఉంటే ఇవన్నీ ఆపి ముందు డాక్టర్‌ని అడగండి; కూర్చునే క్యాంటర్ ఆ నొప్పిని పెంచుతుంది.

జాగ్రత్తలు ఎక్కువ రాయను, మీకు తెలిసినవే. మడమ ఉన్న బూట్లు. రికాబు బూటు కంటే ఒక అంగుళం వెడల్పు ఉండాలి, పాదం ఇరుక్కోకుండా. గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాలి. ఎండాకాలంలో ఉదయం ఏడున్నర దాటాక క్యాంటర్ పని పెట్టుకోవద్దు, గుర్రానికి మంచిది కాదు.

చివరిగా ఆ బ్రీచెస్. కొనొద్దని చెప్పను, కానీ ఇప్పుడు కొనొద్దు. సిలికాన్ పట్టు మిమ్మల్ని ఉన్నచోటే అంటిపెడుతుంది. ఇప్పుడు మీరున్నది తప్పు చోటు. తుంటి దొర్లడం నేర్చుకోవాల్సిన రోజుల్లో అతుక్కుపోయే బట్ట అడ్డమే. మామూలు కాటన్ బ్రీచెస్‌తోనే ఈ ఎనిమిది వారాలు చేయండి. ఆ డబ్బుతో కోచ్ దగ్గర నాలుగు తాడు క్లాసులు విడిగా అడగండి. మొదటి క్లాసులోనూ, ఎనిమిదో వారంలోనూ పక్క నుంచి ఒక నిమిషం వీడియో తీయించండి, ఎడమ వైపు తిరిగేటప్పుడు ఒకటి, కుడి వైపు ఒకటి. ఇక్కడ పెడితే చూసి చెప్తాను. గుర్రం వయసు, అది ఇంతకుముందు రేసుల్లో పరుగెత్తిందా లేదా కూడా రాయండి, నా సమాధానం దాన్ని బట్టి మారుతుంది.